ఈ బండి ఎవరు చేశారు?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ధర్మవరం దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. గత ఆగస్టులో ఆఫ్రికా దక్షిణాన ఉన్న బోట్స్వానా దేశానికి టీచర్ల శిక్షణ ఒకటి ఉంటే పన్నెండు రోజులు వెళ్ళొచ్చాను. అక్కడ ఒక పెద్దావిడ నన్నొక ప్రశ్న అడిగారు. చిన్న ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. అది నా ఒక్కదాని సంగతి కాదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది. కుదించాల్సి వస్తే ప్రయాణం సంగతి తీసేయండి, బుట్ట సంగతీ బండి సంగతీ మాత్రం ఉంచండి.

వెళ్ళే ముందు అక్కడి టీచర్లకు ఏం పట్టుకుపోవాలా అని చాలా ఆలోచించాను. మాకు దగ్గర్లోనే నిమ్మలకుంట. తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా స్కూల్లో పొద్దున ప్రార్థనకు పిల్లలంతా నిలబడి ఉండగా ఆ మాట చెప్పి చప్పట్లు కొట్టించాను. నాలుగు తోలుబొమ్మలు తీసుకుపోతే బాగుంటుందనుకున్నాను. కానీ మమ్మల్ని పిలిచిన వాళ్ళు వద్దన్నారు. బోట్స్వానా పశువుల మీద బతికే దేశం, యూరప్‌కు గొడ్డుమాంసం అమ్ముతుంది, గాలికుంటు జబ్బంటే వాళ్ళకు హడల్, అందుకని తోలుతో చేసిన వస్తువులకు పశువైద్య శాఖ అనుమతులు కావాలి, అదంతా టెన్షన్ ఎందుకన్నారు. సరేనని పట్నంలో ఒక పెద్ద హస్తకళల దుకాణానికి వెళ్ళి ఐదు కొండపల్లి ఎడ్లబండ్లు కొన్నాను. ఒక్కోటి 850 రూపాయలు. అట్టపెట్టె మీద దుకాణం పేరు, బార్‌కోడ్, ధర ఉన్నాయి. అంతకన్నా ఏముండాలో అప్పుడు నాకూ తట్టలేదు.

బెంగళూరులో విమానం ఎక్కి, అడిస్ అబాబాలో మారి, బోట్స్వానా రాజధాని గాబొరోన్‌లో దిగాను. ఆ ఊళ్ళో ఒక తెలుగు కుటుంబం వాళ్ళింట్లో ఉంచుకుని పప్పన్నం పెట్టారు. మర్నాడు శిక్షణవాళ్ళు పెట్టిన భోజనంలో జొన్నపిండితో చేసిన ముద్ద వచ్చింది. బొగొబే అంటారు. పక్కన ఆకుకూర. మా అవ్వ చేసిన జొన్నసంకటి గుర్తొచ్చి నోట మాట రాలేదు.

ఆ దేశం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, అనంతపురం జిల్లా మనిషిగా చెప్పకుండా ఉండలేను. వాళ్ళ డబ్బు పేరు ‘పులా’. సెట్స్వానా భాషలో పులా అంటే వాన. సభల్లో జయజయధ్వానాలు చేయాలన్నా ‘పులా!’ అనే అరుస్తారు. దేశపు రాజముద్ర మీద ఉన్న మాట కూడా అదే. సగానికి పైగా నేల కలహారి ఎడారి అయిన చోట చేతిలోని రూపాయికి వాన అని పేరు పెట్టుకున్నారు. 1976లో దక్షిణాఫ్రికా డబ్బు వాడడం మాని సొంత డబ్బు తెచ్చుకున్నప్పుడు ఈ పేరు ఎంచుకున్నారట. వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసిన ఊళ్ళో పుట్టినదాన్ని, బ్యాంకులో ఆ నోటు చేతికిచ్చినప్పుడు కళ్ళకద్దుకున్నాను. వైశాల్యంలో మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా దానికి రెట్టింపు ఉండే దేశం. జనం మాత్రం 2022 లెక్కల్లో 24 లక్షలు కూడా లేరు. 2011 లెక్కల్లో మా పాత అనంతపురం జిల్లా ఒక్కదాంట్లోనే 40 లక్షల పైన ఉన్నాం.

శిక్షణ మావున్ అనే ఊళ్ళో. గాబొరోన్ నుంచి వ్యాన్‌లో దాదాపు 900 కిలోమీటర్లు, పొద్దున చీకట్లో బయల్దేరితే రాత్రికి చేరాం. దారిలో పశువుల కంచె దగ్గర అందరినీ దింపి, మందునీళ్ళు పోసిన పట్టా మీద చెప్పులతో తొక్కించారు. బండి చక్రాలు కూడా మందునీళ్ళలో నుంచి పోవాల్సిందే. తోలుబొమ్మలు వద్దని ఎందుకన్నారో అప్పుడు పూర్తిగా అర్థమైంది. మావున్‌లో ఇంకో వింత. ఆగస్టు అంటే అక్కడ వాన చుక్క పడని కాలం, ఊరి పక్కన నదిలో మాత్రం నీళ్ళు నిండుగా పోతున్నాయి. ఎక్కడో అంగోలా కొండల్లో జనవరి, ఫిబ్రవరిలో కురిసిన వాన ఒకవాంగో నది వెంట మెల్లగా నడిచి నడిచి, ఆరు నెలలకు ఇక్కడికి చేరుతుందట. సముద్రం ముఖం చూడకుండానే ఆ నది ఇసుకలో ఇంకిపోతుంది.

శిక్షణ విషయం జ్యామితి. స్థానికంగా ఉండే చేతిపనుల్లోంచి పిల్లలకు జ్యామితి ఎట్లా చెప్పొచ్చో చూడాలని. మొజాంబిక్‌లో పాలుస్ గెర్డెస్ అని ఒక గణితాచార్యులు ఉండేవారు, 2014లో పోయారు. బుట్టల అల్లికల్లో, సంచుల నేతలో ఉన్న లెక్కను బయటికి తీయడానికే ఆయన జీవితమంతా పనిచేశారు. ఆ దారిలోనే మాకూ రెండ్రోజులు పాఠాలు జరిగాయి. బల్ల మీద ఒక పళ్ళెం లాంటి బుట్ట పెట్టి, ఇందులో సౌష్ఠవం ఎంత, ఎన్ని డిగ్రీలు తిప్పితే మళ్ళీ అదే బొమ్మ వస్తుంది అని అడిగారు. మేం టీచర్లం ఒకరి మీదొకరు పడి కోణాలు కొలిచాం. ఆ బుట్టను అల్లినవాళ్ళు కోణమానిని వాడలేదు కదా, మరి ఎట్లా అల్లారు అని నేనడిగితే, ఎట్షాలో పుట్టిన ఒక టీచరమ్మ, శనివారం రండి, మా ఊరు తీసుకుపోతాను, అక్కడే అడుగుదురుగానీ అంది.

శుక్రవారం సాయంత్రం మావున్ బజార్లో ఒక చుట్టు తిరిగాను. చెక్క జిరాఫీలు, ఏనుగులు, ముసుగులు. ఒకే అచ్చులో పోసినట్టు వరసగా పేర్చి ఉన్నాయి. ఏ ఊరివని అడిగితే అమ్మే అబ్బాయి ఒకసారి జింబాబ్వే అన్నాడు, ఇంకోసారి కెన్యా అన్నాడు. అతని తప్పేం లేదు, అతనికి సరుకు లారీలో వస్తుంది. నేనేమీ కొనలేదు. ఆ దేశాలకు వెళ్ళే మనవాళ్ళకు ఇక్కడే ఒక మాట: ఏనుగు దంతంతో చేసిన వస్తువు ఎవరు ఎంత చవగ్గా చూపించినా ముట్టుకోకండి, దాన్ని మన దేశంలోకి తేవడం నేరం.

శనివారం పొద్దున బయల్దేరితే ఎట్షాకు నాలుగు గంటలు. ఈ ఎట్షా కథ వినండి. 1960ల చివర్లో అంగోలాలో పోర్చుగీసు పాలకుల మీద యుద్ధం నడుస్తున్నప్పుడు హంబుకుషు అనే జనం ప్రాణాలరచేత పెట్టుకుని సరిహద్దు దాటి వచ్చారు. బోట్స్వానా అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి మూడేళ్ళు కూడా నిండని బీద దేశం. అయినా నేల చూపించింది, తర్వాత వాళ్ళను తన పౌరులుగా చేసుకుంది. వచ్చినవాళ్ళు పదమూడు గుంపులుగా ఉంటే పదమూడు ఊళ్ళు కట్టించి, వాటికి పేర్లు కూడా పెట్టకుండా అంకెలు వేసేశారు. ఎట్షా 1, ఎట్షా 2, అట్లా ఎట్షా 13 దాకా. ఈనాటికీ అవే పేర్లు. కట్టుబట్టలతో వచ్చిన ఆ ఆడవాళ్ళు తమతో తెచ్చుకున్నది బుట్ట అల్లే విద్య. ఇవాళ ప్రపంచంలో బోట్స్వానా బుట్ట అంటే చాలావరకు ఈ చుట్టుపక్కల ఊళ్ళ హంబుకుషు, బయెయి ఆడవాళ్ళ చేతుల్లోంచి వచ్చిందే.

మేం వెళ్ళింది ఎట్షా 6. అక్కడ ఆడవాళ్ళు నడుపుకునే చిన్న బుట్టల కొట్టు ఉంది. గోడల నిండా బుట్టలు. గింజలు దాచుకునే మూత బుట్టలు నడుం ఎత్తున ఉన్నాయి. నెత్తిన పెట్టుకుని మోసే లోతు గంపలు, జొన్నలు తూర్పారబట్టే చేటల్లాంటివీ ఉన్నాయి. అన్నీ మొకోలా అనే తాటిజాతి చెట్టు ఆకుతో చేసినవి. మన ఈతచెట్టు లాంటిదే అనుకోండి, దాన్నుంచి కల్లు కూడా తీస్తారు. విచ్చుకోని లేత ఆకును కోసి, సన్నగా చీల్చి, ఎండబెట్టి, రంగు వేసుకోవాలనుకుంటే మొత్సెంత్సిలా అనే చెట్టు బెరడుతో కలిపి కుండలో ఉడకబెడతారు. అప్పుడు ఎర్రమట్టి రంగు వస్తుంది. ఇంకో చెట్టు వేరుతో ముదురు గోధుమ రంగు. మా ఊళ్ళో ఎరుకల వాళ్ళు ఈతాకు బుట్టలు అల్లేటప్పుడు పక్కన కూర్చుని చూసినదాన్ని, ఆ పచ్చి ఆకు వాసన తగలగానే చిన్నతనం గుర్తొచ్చింది.

నేను నేరుగా ఒక బుట్ట చేతిలోకి తీసుకుని, అక్కడ గుమ్మంలో కూర్చున్న పెద్దావిడను “కె బొకాయ్?” అని అడిగాను. ఎంత అని. ఆ ఒక్క మాట మాత్రం వ్యాన్‌లోనే నేర్చుకున్నాను. ఆవిడ నా ముఖం చూసి ఊరుకున్నారు. నా పక్కనున్న టీచరమ్మ మెల్లగా, ముందు దండం పెట్టాలి అంది. అక్కడ పలకరించకుండా మాట మొదలుపెట్టడమంటే మనిషిని మనిషిగా చూడకపోవడమే. “డుమెలా మ్మా” అన్నాను. మ్మా అంటే అమ్మా అనే. ఆవిడ ముఖం విప్పారింది, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నారు. మా అమ్మ వీధి చివర్దాకా వెళ్ళేసరికి ఇరవై మందిని బాగున్నారా అని పలకరించేది. నేనే ఆ అలవాటు ఎక్కడో పోగొట్టుకున్నాను.

ఆ బుట్ట ఆవిడే అల్లారు. ఆ రోజే కొట్టుకు తెచ్చారు. వెడల్పు ముప్పై సెంటీమీటర్లు ఉంటుంది. మధ్యలో రూపాయి బిళ్ళంత ముడి, అక్కడినుంచి పాము చుట్ట చుట్టుకున్నట్టు చుట్టు మీద చుట్టు. ఒడిలో ఇంకో బుట్ట సగంలో ఉంది. పక్కన రేకు డబ్బాలో నీళ్ళు, అందులో నానుతున్న ఆకు పీలికలు. చెప్పులు కుట్టే ఆరె లాంటి దాంతో కింది చుట్టులో చిన్న చిల్లు పొడిచి, పీలిక మొనను పెదాలతో తడిపి అందులోకి దూర్చి, అవతలినుంచి లాగి బిగిస్తారు. ఒక కుట్టు అయింది. మళ్ళీ పొడవాలి. నేను వేలు పెట్టి ఒక అంగుళంలో కుట్లు లెక్కపెట్టాను. పన్నెండు. ఎంత బిగుతంటే నీళ్ళు పోసినా తడికి ఆకు ఉబ్బి కారకుండా నిలుస్తుందట, పూర్వం వీటిలోనే జొన్నల కల్లు పోసుకునేవాళ్ళట.

ఆ బుట్ట మీద మెట్లు మెట్లుగా ఒక ఆకారం మధ్యనుంచి అంచుదాకా పోతుంది. తిప్పి లెక్కపెడితే అట్లాంటివి ఏడున్నాయి. లెక్కల టీచర్లెవరైనా ఈ ఉత్తరం చదువుతుంటే ఇక్కడ ఆగుతారు. వృత్తాన్ని ఆరు భాగాలు చేయడం ఏడో తరగతి పిల్లకు కూడా వచ్చు. ఎనిమిదీ వచ్చు. ఏడు భాగాలు మాత్రం స్కేలు, వృత్తలేఖినితో కచ్చితంగా చేయలేం. పదిహేడు భుజాల బొమ్మ గీయవచ్చని 1796లో గౌస్ అనే గణితవేత్త నిరూపించాడు గానీ సమ సప్తభుజికి ఆ దారి లేదు. మరి ఈవిడ ఎట్లా చేశారు? అడిగించాను. మొదట వచ్చే నల్లచుట్టులో కుట్లు లెక్కపెట్టుకుంటారట. ఎక్కడెక్కడ రంగు మొదలవ్వాలో అక్కడ చిన్న పుల్ల గుచ్చుకుంటారు. ఎక్కడైనా ఒకటో అరో తేడా వస్తే పైచుట్టులో ఒక కుట్టు సర్దుతారు, దాని పైచుట్టులో ఇంకొకటి. అంచుకొచ్చేసరికి తేడా కనబడదు. “తప్పును ఒక్కచోట దిద్దకూడదు, అన్ని చుట్లకూ కాస్త కాస్త పంచాలి” అన్నారట. నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను.

పక్కన ఇంకొకావిడ బుట్టల మీద అల్లికలకు పేర్లు చెప్పారు. జిరాఫీ కన్నీళ్ళు. జీబ్రా నుదురు. ఒకదాన్ని చూపించి నవ్వుతూ ఎద్దు ఉచ్చ అన్నారు. ఎద్దు నడుస్తూ పోస్తే దుమ్ములో వంకరటింకర గీత పడుతుంది కదా, అదట. తిరిగొచ్చాక మా తెలుగు మాస్టారికి ఇది చెబితే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మన చిత్రకవిత్వంలో గోమూత్రికా బంధం ఉంది కదమ్మా, రెండు పాదాల అక్షరాలను కిందికీ పైకీ వంకరగా చదువుకుంటూ పోయేది, పేరు అక్కడినుంచే వచ్చింది అన్నారు. ఎద్దు వెనక నడిచిన వాళ్ళు ఎక్కడున్నా ఆ గీతను చూశారు. వాళ్ళు ఆకుతో అల్లారు, మన వాళ్ళు అక్షరాలతో అల్లారు.

ఇక ధర సంగతి. బుట్టకు చిన్న చీటీ కట్టి ఉంది. 700 పులాలు. ఒక పులా మన డబ్బులో ఆరు రూపాయల పైమాట, లెక్కకు ఆరే అనుకోండి, 4,200 రూపాయలు. నేను అలవాటు కొద్దీ 500కి ఇస్తారా అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఎన్నాళ్ళు పట్టిందో ఆమెకు చెప్పమని మా టీచరమ్మతో అన్నారు. ఇరవై రోజులు. ఆకు కోసుకురావడానికి, రంగు ఉడకబెట్టడానికి పట్టిన రోజులు కాక. నేను లెక్కల మనిషిని, మనసులో భాగహారం దానంతటదే జరిగిపోయింది. 700 ఇస్తే రోజుకు 210 రూపాయలు. నేనడిగిన 500కి ఇస్తే 150. 2024-25లోనే మన ఉపాధి హామీలో తట్ట మోస్తే రోజుకు 300 వచ్చేది. ఇన్ని కుట్లకు, ఈ ఏడు భాగాలకు నేను రోజుకు 150 రూపాయల విలువ కట్టాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. 700 లెక్కపెట్టి ఇచ్చాను, “కె ఆ లెబొగా” అని దండం పెట్టాను. ఇంకో రెండు చిన్నవి కూడా తీసుకున్నాను, వాటికి బేరం ఆడలేదు.

అప్పుడే ఆ చీటీని సరిగ్గా చదివాను. ధర ఒక్కటే కాదు. అల్లినామె పేరు, ఊరు, అల్లిక పేరు చేత్తో రాసి ఉన్నాయి. గోడనున్న ప్రతి బుట్టకూ అంతే. ఊళ్ళకు పేర్లు లేక అంకెలు వేసుకున్న చోట ప్రతి బుట్టకూ ఒక మనిషి పేరుంది. ఆవిడ పేరు నా బుట్ట చీటీ మీద ఉంది, నా బీరువాలో భద్రంగా ఉంది. అడక్కుండా పేపర్లో వేయడం మర్యాద కాదని ఇక్కడ రాయడం లేదు.

వెళ్ళొచ్చేముందు సంచిలోంచి ఒక కొండపల్లి ఎడ్లబండి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. టీచర్ల కోసం తెచ్చినవాటిలో ఒకటి మిగిలింది. ఎంత మురిసిపోయారో! మా నాన్నకూ ఎద్దులుండేవి అన్నారు. ఎద్దుల మూపురం తడిమారు, కాడి ఎట్లా కట్టారో చూశారు, బండిని తిరగేసి అడుగుభాగం చూశారు. నేను బుట్ట తిరగేసి చూసినట్టే. చూసి అడిగారు: ఇది ఎవరు చేశారు?

కొండపల్లి అని చెప్పాను. మా టీచరమ్మ ఏదో వివరించింది. ఆవిడ మళ్ళీ అడిగారు. “అది ఊరు కదా. మనిషి ఎవరు?”

నా దగ్గర జవాబు లేదు. అట్టపెట్టె మీద ఉన్నది దుకాణం పేరు. తెలియదమ్మా అన్నాను. ఆవిడ నన్నేమీ అనలేదు. కాసేపు బండి వైపే చూసి, ఎవరో గానీ ఆయన ఎద్దులను బాగా చూసినవాడు అన్నారు. “సాలా సెంట్లే” అని చెప్పి వ్యాన్ ఎక్కాను. ఉండిపోయేవాళ్ళకు వెళ్ళేవాళ్ళు చెప్పే మాట, క్షేమంగా ఉండమని. మావున్ చేరేదాకా నాలుగు గంటలూ నేను మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక ఆ దుకాణానికి ఫోన్ చేశాను. పేరు రాయను, ఎందుకంటే ఇది ఆ ఒక్క దుకాణం జబ్బు కాదు. ఫలానా నెలలో కొన్న కొండపల్లి బండ్లు ఎవరు చేశారో చెప్పగలరా అన్నాను. వస్తువులో ఏదైనా డ్యామేజీ ఉందా మేడం అన్నారు. లేదన్నాను. మరెందుకు అన్నారు. సరుకు ఏజెంటు ద్వారా వస్తుంది, ఆ వివరాలు మా దగ్గర ఉండవన్నారు.

దసరా సెలవుల్లో రైలెక్కి విజయవాడ, అక్కడినుంచి కొండపల్లి వెళ్ళాను. నా దగ్గర ఇంకో బండి మిగల్లేదు, ఫోన్లో నాలుగు వైపుల నుంచీ తీసిన ఫొటోలున్నాయి. బొమ్మల కాలనీలో మొదటి ఇంట్లో ఒక పెద్దాయనకు చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఫొటో పెద్దది చేసి చూసి, ఈ మూపురం మా ఇంటిది కాదమ్మా, మేం ఇంకొంచెం వెనక్కి వంచుతాం, ఇది ఆ వీధి చివరింటి వాళ్ళ చెయ్యి అన్నారు. నాకు ఒళ్ళు జలదరించింది. రెండు వేళ్ళంత ఎద్దు మూపురం చూసి మనిషిని చెప్పారు. ఆ పేరు వాళ్ళందరికీ తెలుసు. తెలియనిది కొన్న మాకే.

చివరింట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉన్నారు. ఆయన పొణికి చెక్క చెక్కుతారు, ఆమె రంగు వేస్తారు. చెక్కలో తేమ పోయేదాకా సెగ మీద ఎండబెట్టడం, కాళ్ళూ కొమ్ములూ విడిగా చెక్కి చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించడం, దాని మీద సుద్ద పూత, ఆపైన మేక వెంట్రుకల కుంచెతో రంగు. పొణికి చెట్టు అడవిలో దొరకడం కష్టమైపోయిందని ఆయన దిగులుపడ్డారు. ఎట్షాలో ఆ పెద్దావిడ వాళ్ళ పెరట్లో నాటుకున్న మొకోలా మొక్కల ఫొటో చూపిస్తే, ఇద్దరూ చాలాసేపు దాన్నే చూశారు. నేను 850కి కొన్న బండికి వాళ్ళకు ముట్టింది 310. అది కూడా చెక్క, రంగు ఖర్చు తీయకముందు. మీ పేరు దాని మీద వేయమని ఎప్పుడైనా అడిగారా అన్నాను. వేస్తే ఏజెంటు తీసుకోడమ్మా, పేరుంటే కొన్నవాళ్ళు మా దగ్గరికే వస్తారని భయం అంది ఆమె.

అసలు గుట్టు అక్కడుంది. బోట్స్వానా వెళ్ళకపోతే నాకది ఎప్పటికీ అర్థమయ్యేది కాదు.

కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. మా ధర్మవరం పట్టుచీరకూ ఉంది. నేను దాన్ని తక్కువ చేయడం లేదు, ఇంకోచోట చేసిన నకలును ఆ పేరుతో అమ్మకుండా ఆపడానికి అది కావాలి. కానీ ఆ గుర్తింపు ఊరికి వచ్చింది, మనిషికి రాలేదు. హస్తకళల పనివాళ్ళకు కేంద్రం ఇచ్చే పహచాన్ కార్డు చాలామంది దగ్గర ఉంది, దాంట్లో పేరు, పని, నంబరు అన్నీ ఉన్నాయి. ఆ కార్డులో ఉన్న పేరును బొమ్మకు కట్టే చీటీ మీదికి తేవడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కనీసం ప్రభుత్వ డబ్బుతో నడిచే దుకాణాల్లో, ఎగ్జిబిషన్లలో, రైల్వేస్టేషన్లలో పెట్టే స్టాళ్ళలో చేసినవారి పేరు, ఊరు, ఎన్ని రోజులు పట్టింది అని మూడు ముక్కలు లేకుండా ఏ వస్తువూ అమ్మకూడదని ఒక ఆర్డరు వేయొచ్చు. రెండు రాష్ట్రాల హస్తకళల శాఖల వారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇదే. మీ విలేకరులు కూడా ఎగ్జిబిషన్ల వార్తలు రాసేటప్పుడు ప్రారంభించిన వారి పేరుతో పాటు ఒక్క పనివాడి పేరైనా వేయమని అడుగుతున్నాను.

కొనేవాళ్ళం మనం కూడా అడగాలి. దుకాణంవాళ్ళు విసుక్కుంటారు, నా మీదా విసుక్కున్నారు. పదిమంది అడిగితే ఏజెంటును వాళ్ళు అడుగుతారు.

మా తొమ్మిదో తరగతిలో సగం మంది మగ్గం ఇళ్ళ పిల్లలే. ఎట్షా బుట్టను క్లాసుకు తీసుకుపోయాను. ఏడు భాగాలు లెక్కపెట్టించాను, ఒక్కో భాగానికి కేంద్రం దగ్గర కోణం ఎంతో కనుక్కోమన్నాను. 360ని ఏడుతో భాగిస్తే తెగదు, తెగని అంకెను ఒకావిడ వేళ్ళతో ఎట్లా తెంచిందో చెప్పాను. చీటీ చదివించాను. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల లేచి నిలబడింది. “మా నాయన నేసిన చీరకు కూడా ఇట్లా చీటీ కట్టొచ్చా మేడం?” అంది. ఆ సాయంత్రం పిల్లలంతా డ్రాయింగ్ షీటు ముక్కలు కోసి వాళ్ళ ఇళ్ళల్లో మగ్గం మీదున్న చీరలకు చీటీలు రాసుకుపోయారు. కొనే షావుకార్లు వాటిని తీసి పారేస్తారని నాకు తెలుసు, ఆ పిల్లలకూ తెలుసు. అయినా రాశారు.

కొండపల్లి దంపతుల అనుమతి తీసుకుని, వాళ్ళిద్దరూ పొణికి చెక్క మధ్య కూర్చున్న ఫొటో, పేర్లతో సహా, ఎట్షా టీచరమ్మకు వాట్సాప్‌లో పంపాను. పెద్దావిడకు చూపించమన్నాను. మూడు రోజులకు జవాబొచ్చింది. ఆవిడ ఫొటో చూసి చాలా సంతోషించారట, పేర్లు రెండుసార్లు పలికించుకున్నారట. ఆపైన ఇంకో ప్రశ్న అడిగి పంపారు: ఆ బండికి ఎన్ని రోజులు పట్టింది?

ఈసారి నా దగ్గర జవాబుంది. నాలుగు రోజులు, రంగు ఆరడం కాక, అని రాసి పంపాను.

ఇట్లు,
లెక్కల టీచరు,
ధర్మవరం, శ్రీ సత్యసాయి జిల్లా